తోపుడు పడవ డైరీ: మేడ మీద తొట్టి నుంచి మామిడితోట కుంట దాకా

తిరుపతిలో కూర్చుని పడవలు చేస్తున్నానంటే ఎవరైనా నవ్వుతారు. స్వర్ణముఖిలో నీళ్లు కనపడేది వానలు గట్టిగా పడినప్పుడే, మిగతా కాలమంతా ఇసుకే. అయితే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వచ్చేసింది కాబట్టి పులికాట్ సరస్సూ, బకింగ్‌హామ్ కాలువ ముక్కా ఇప్పుడు మా జిల్లావే. ఒకప్పుడు శ్రీహరికోట కట్టెలు ఆ కాలువ మీదే పడవల్లో మద్రాసు పోయేవి. 2008లో దాన్ని గోదావరి, కృష్ణలతో కలిపి కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా జాతీయ జలమార్గం-4గా ప్రకటించారు. ఆ మధ్య బండేసుకుని పోయి చూశా. నేను చూసిన చోట తుంగ, బురద, మోకాళ్ల లోతు నీళ్లు. అందులో బార్జీ, అంటే సరుకు మోసే చదును అడుగు పెట్టె పడవ, తిరగాలంటే ముందు ఎంత లోతు కావాలి, దాన్ని తోసే పడవ ఎట్లా ఉండాలి అని చదవడం మొదలుపెట్టా. చదివి ఊరుకుంటే సరిపోయేది, చెయ్యి ఊరుకోలేదు.

చేస్తున్నది రిమోట్ కంట్రోల్ నమూనా. అమెరికాలో మిసిసిపీ, ఒహాయో నదుల మీద తిరిగే తోపుడు పడవ ఒకటి, దాని ముందు కట్టే ఆరు బార్జీలు. గోదావరి మీద పంటు, లాంచీ చూసినవాళ్లకి కూడా ఇది కొత్తగానే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ సరుకంతా ముందు ఉంటుంది, ఇంజిన్ తోక దగ్గర ఉంటుంది, సరంగు మాత్రం వెనకాల ఎత్తైన గదిలో నిలబడి ఫర్లాంగు పైన దూరంలో ఉన్న ముక్కును చూసుకుంటూ నడుపుతాడు.

స్కేలు సంగతి

1:100 పెట్టుకున్నా. నిజం పడవలో మీటరు నా దగ్గర సెంటీమీటరు, బుర్రకి శ్రమ లేదు. అక్కడి మామూలు బార్జీ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. అంటే నాది 59.4 సెంటీమీటర్లు, 10.7 సెంటీమీటర్లు. సరుకు 1,500 అమెరికా టన్నులు, మన లెక్కలో సుమారు 1,360 టన్నులు. పొడవు వందో వంతు అయితే బరువు పది లక్షలో వంతు అవుతుంది కాబట్టి ఒక్కో బార్జీకి నేను వెయ్యాల్సింది 1.36 కిలోలు. ఆ బరువు వేస్తే నీళ్లలోకి 2.7 సెంటీమీటర్లు దిగాలి, నిజం బార్జీ 9 అడుగులు దిగినట్టు. ఎగువ మిసిసిపీలో నౌకామార్గాన్ని కనీసం 9 అడుగుల లోతు ఉండేలా చూసుకునేది ఇందుకే. కాగితం మీద లెక్క, వంటింటి కాటా మీద బరువు, నీళ్లలో గీత మూడూ ఒకచోట కలిసినప్పుడు వచ్చే సంతోషం చెప్తే ఇంట్లోవాళ్లకి అర్థం కాదు, ఇక్కడ చదివేవాళ్లకి అవుతుంది.

ఈ స్కేలులో వేగం మాత్రం వందో వంతు కాదు, పదో వంతు. అలల లెక్క అట్లా ఉంటుంది. నిండు బార్జీలతో పడవ గంటకు 8 కిలోమీటర్లు పోతుందనుకుంటే నాది సెకనుకి 22 సెంటీమీటర్లు పోవాలి. చీమ కంటే కాస్త నయం. యూట్యూబులో బొమ్మ పడవలు రయ్యిమని పోతుంటే చూసి మురిసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

వెనక నుంచి తోయడమే ఎందుకు అని మా ఆఫీసులో అడిగారు. తాడు కట్టి లాగితే పడవ ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే నీళ్లు వచ్చి బార్జీ మొహానికి కొడతాయి, అంటే తాను పెట్టిన బలాన్ని తనే కొంత తినేస్తుంది. పైగా లాగే బార్జీ వంపుల్లో తోక ఆడించినట్టు ఊగుతుంది, ఆపాలంటే పడవ ఆగుతుంది గానీ వెనక సరుకు ఆగదు, వచ్చి మీద పడుతుంది. అలలుండే సముద్రంలో ఆ తాడు వదులు కావాలి, అందుకే అక్కడ లాగుతారు. నదిలో అల చిన్నది, కాబట్టి అన్నిటినీ కలిపి ఒకే కట్టెగా బిగించి తోస్తారు. ఆవిరి కాలంలోనే ఇది ఎంత దూరం పోయిందంటే, 1901లో కట్టిన స్ప్రేగ్ అనే వెనక చక్రం పడవ 1907లో ఒకేసారి 60 బార్జీల బొగ్గు, 67,000 అమెరికా టన్నులకు పైగా, తోసింది. ఇప్పుడు ఎగువ మిసిసిపీలో మామూలుగా 15 బార్జీలు, వరుసకు మూడు చొప్పున ఐదు వరుసలు. లారీకి ఇరవై టన్నులు వేసుకున్నా వెయ్యి లారీల సరుకు అది.

పడవ అడుగు

లీలామహల్ దగ్గర బోర్డులు చేసే అన్న దగ్గర సన్‌బోర్డు (బోర్డులకు వాడే తేలికైన ప్లాస్టిక్ అట్ట) తుక్కు అడిగితే బస్తా నిండా ఇచ్చాడు, ఎన్నికల బోర్డులు, కల్యాణమండపం బోర్డులు, అన్నీ కలిపి. పడవ లోపల చూస్తే ఒక నాయకుడి చెవి, సగం నమస్కారం కనిపిస్తాయి. మూడు మిల్లీమీటర్ల మందం, కట్టర్‌తో కోస్తే వెన్నలా తెగుతుంది, ఫెవిక్విక్‌తో అంటుకుంటుంది. 43 సెంటీమీటర్ల పొడవు, 13 వెడల్పు, అడుగు చదును. ముందు మొహం పడవలా సూదిగా ఉండదు, గోడలా ఉంటుంది. ఆ గోడ మీద నిలువుగా రెండు దిమ్మెలు. బార్జీకి ఆనేది అవే, బలమంతా వాటి గుండానే పోతుంది. అందుకే వాటిని పైన అతికించకుండా లోపలి పక్కటెముకల దాకా దింపి అరల్డైట్ పోశా. మొహానికి పాత సైకిల్ ట్యూబ్ ముక్క. అతుకులన్నీ కారు డెంటింగ్ షాపులో వాడే లప్పంతో నింపి, నీళ్ల పేపర్‌తో రుద్ది, రెండు పూతల స్ప్రే.

అసలు పని వెనక భాగంలో. పడవ దిగేది 2.6 సెంటీమీటర్లే, కానీ ప్రొపెల్లర్ 3 సెంటీమీటర్లు పెట్టాలి, చిన్నది పెడితే నీళ్లు చిలుకుతుందే తప్ప తోయదు. నిజం పడవల్లోనూ ఇదే చిక్కు, లోతు లేని నది, పెద్ద ప్రొపెల్లర్. వాళ్లు చేసేదేమంటే వెనక అడుగును గుహలా పైకి వంచుతారు. ఆగి ఉన్నప్పుడు ఆ గుహలో పైభాగం నీటిమట్టానికి పైనే ఉన్నా, ప్రొపెల్లర్ తిరగ్గానే గాలిని తోసేసి నీళ్లు పైకి లాక్కుని నింపుకుంటుంది. మనసులో నమ్మకం లేకపోయినా సన్‌బోర్డును హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి గ్లాసు మీద వంచి రెండు గుహలు పెట్టా. బకెట్లో పెట్టి మోటరు ఆన్ చేస్తే మొదట బుడబుడమని గాలి, ఒక్క క్షణం తర్వాత చప్పుడు మారి నిండు గొంతు పడింది. ఆ చప్పుడు కోసం నాలుగైదు సార్లు ఊరికే ఆపి ఆన్ చేశా.

ప్రొపెల్లర్ చుట్టూ చేతిగాజులా గుండ్రటి గొట్టం ఉంటుంది, 1930ల్లో జర్మన్ ఇంజినీరు లుడ్విగ్ కోర్ట్ తెచ్చిన ఏర్పాటు. వేగంగా పోయే పడవకి అది అడ్డమే గానీ, నెమ్మదిగా పోతూ గట్టిగా తోయాల్సిన పడవకి అదే ఇంజినుతో ఎక్కువ బలం ఇస్తుంది. ప్లంబింగ్ పైపు ముక్కను కోసి, ముందు అంచు లోపలి వైపు గుండ్రంగా రుద్ది, వెనక అంచు పలచగా చేసి పెట్టా. రెక్క అంచుకీ గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరు లోపే ఉండాలి, లేకపోతే పెట్టి దండగ. మేడ మీద ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి చేసుకున్న తొట్టిలో పడవను తాడుతో కాటాకి కట్టి లాగించి చూస్తే, గొట్టంతో లాగుడు సుమారు పావు వంతు పెరిగింది. ఇంటి ఓనరు మాత్రం మెట్లెక్కి వచ్చి తొట్టిని చూడడు, కింద తన సీలింగును చూస్తాడు.

మోటర్లు రెండూ చిన్న బ్రష్ మోటర్లే. బ్యాటరీకి లిథియం కాకుండా ఎమర్జెన్సీ లైట్లో వేసే 6 వోల్టుల లెడ్ బ్యాటరీ పెట్టా. దాని బరువు చూసి జనం పారిపోతారు, నాకు ఆ బరువే కావాలి, ఎందుకంటే పడవ మొత్తం 1.2 కిలోలు తూగితే తప్ప గీత దాకా దిగదు.

ఆరు చుక్కానులు

మామూలు పడవకి ఒకటో రెండో చుక్కానులు, ప్రొపెల్లర్ వెనక. తోపుడు పడవకి అవి కాక ప్రొపెల్లర్ల ముందు ఇంకో జట్టు ఉంటాయి, ఒక్కో ప్రొపెల్లర్‌కి రెండు చొప్పున. నాది రెండు ప్రొపెల్లర్ల పడవ కాబట్టి వెనక రెండు, ముందు నాలుగు. ఇంజిన్ వెనక్కి తిప్పితే నీళ్లు ముందుకి చిమ్ముతాయి, అప్పుడు వెనక చుక్కాని ఎంత తిప్పినా దాని మీద నీళ్లు పడవు. ముందున్నవాటి మీద పడతాయి. రివర్స్‌లో కూడా స్టీరింగ్ ఉండేది ఇందువల్లే. వంపుల దగ్గర ప్రవాహంతో కిందికి దిగేటప్పుడు అక్కడి సరంగులు ఇంజిన్లను వెనక్కి తిప్పి, నీటి కంటే నెమ్మదిగా జారుతూ, ముందు చుక్కానులతో తోకను పట్టుకుని, ముక్కును ప్రవాహానికే వదిలేసి వంపు దాటిస్తారు. అది చదివిన రోజే ఈ ప్రాజెక్టు నన్ను పట్టుకుంది.

నాలుగు చుక్కానులు ఒకే సర్వోకి (చుక్కానిని తిప్పే చిన్న మోటరు) కలపడానికి సైకిల్ స్పోకు, కరెంటు కనెక్టర్లలో ఉండే ఇత్తడి ముక్కలు సరిపోయాయి. రిమోట్‌లో ఎడమ కర్ర పైకీ కిందికీ ఎడమ ఇంజిన్, కుడి కర్ర కుడి ఇంజిన్, పక్కలకి తిప్పితే కుడిది వెనక చుక్కాని, ఎడమది ముందు చుక్కాని. కుడి కర్ర వదిలితే మధ్యకి వచ్చేస్తుంది, అది నాకు వద్దు, పెట్టిన చోట నిలబడాలి. రిమోట్ విప్పి ఆ స్ప్రింగు తీసి, ఎడమ కర్రలో ఉన్నట్టే చిన్న రేకు ముక్క గట్టిగా ఆనేలా వంచా. వారంటీ పోయింది, పోనీ.

బార్జీలు, దాణా

బార్జీలు చెయ్యడం విసుగు. పెట్టెలు, అంతే. కాకపోతే ముందు వరుసవాటికి ముక్కు కింద ఏటవాలు ఉంచి, వెనకవి చదును మొహాలుగా చేశా. చదును మొహాలు రెండు దగ్గరగా ఆనితే మధ్యలో నీళ్లు సుడి తిరగవు, మొత్తం ఒకే అడుగులా జారుతుంది. ఏటవాలు పక్కన ఏటవాలు పెట్టి కట్టి చూడండి, ఆ సందులో నీళ్లు ఉడుకుతున్నట్టు కనపడతాయి.

సరుకుకి ముందు ఇసుక పోశా. బరువు సరిపోయింది గానీ బార్జీ లోపలి తొట్టి సగం కూడా నిండలేదు, చూడ్డానికి బీద బార్జీలా ఉంది. మిసిసిపీలో కిందికి ఎక్కువగా దిగేది మొక్కజొన్న, సోయా. మామ కోళ్లకి తెచ్చిన మొక్కజొన్న రవ్వ తెచ్చి పోస్తే 1.36 కిలోలకి తొట్టి దాదాపు అంచు దాకా వచ్చింది. గింజ సాంద్రత స్కేలుతో మారదు కదా, అక్కడ నిండినట్టే ఇక్కడా నిండుతుంది. అయితే చీమలు.

కుంట దగ్గర

చంద్రగిరి అవతల మామకి తోతాపురి తోట ఉంది, అందులో నల్ల ప్లాస్టిక్ షీటు పరిచిన పంటకుంట. నీళ్లు నిలకడ, పాచి తక్కువ, అడుగు కనపడుతుంది, నా పనికి ఇంతకంటే ఏం కావాలి. మామిడి కోతలు మొదలవకముందే పోవాలని తొందరపడ్డా, కోతల్లో మామని పలకరించినా తిడతాడు.

ఆరు బార్జీలు, వరుసకు రెండు చొప్పున మూడు వరుసలు, 1.8 మీటర్ల పొడవు. వెనక పడవ. తాళ్లకి నైలాన్ దారం వాడా, మామూలు ముడులతో. ముందుకి పోనిస్తే చక్కగా పోయింది. చుక్కాని తిప్పగానే అసలు విషయం బయటపడింది. పడవ తిరిగింది, దానికి ఆనుకున్న రెండు బార్జీలు తిరిగాయి, మధ్యవి సగం తిరిగాయి, ముందువి ఏమీ పట్టనట్టు తిన్నగా పోతూనే ఉన్నాయి. మధ్యలో సందు తెరుచుకుని, మొత్తం మోచెయ్యిలా మడత పడింది. తడిసిన నైలాన్ సాగుతుంది, ఇంకా బిగించి కట్టినా కాసేపటికి మళ్లీ వదులే.

మామ గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ అంతా చూస్తా ఉన్నాడు. "ఏంది అబ్బోడా, తాడు లాగి ముడేస్తే యాడ బిగుస్తాది? మెలేయల్ల." లేచి వచ్చి, ఒక ఈనెపుల్ల విరిచి, రెండు బార్జీల మధ్య దారాన్ని రెండు పేటలుగా వేయించాడు. పుల్లను పేటల మధ్య దూర్చి తిప్పాడు. ఒక్కో మెలికకీ దారం పొట్టిదవుతా, బార్జీలు ఒకదానికొకటి కరుచుకున్నాయి. పుల్ల కొసను దారం కిందికే దూర్చి వదిలేశాడు, అది వెనక్కి తిరగలేదు. ట్రాక్టరు మీద పండ్ల డబ్బాలకి ఆయన రోజూ వేసే కట్టే అది. "అడ్డంగా ఒగటే కడితే జారతాది, ఏటవాలుగా రెండేయ్, ఒగదాని మీద ఒగటి." గుణకారం గుర్తులా.

నేను ఫొటోల్లో చూసిందీ అదే. అక్కడి డెక్కు మనుషులు ఇనుప తాళ్లను దిమ్మెల చుట్టూ ఏటవాలుగా, ఎదురెదురుగా వేసి, రాచెట్లు (ఒక వైపుకే తిరిగే బిగింపు పరికరాలు) పెట్టి, పొడుగాటి ఇనుప కడ్డీతో తిప్పి బిగిస్తారు. వానలో, చీకట్లో, జారే ఇనుము మీద చెయ్యాల్సిన పని. ఇంజిన్ గుర్రపుబలం గురించి అందరూ రాస్తారు, ఈ తాళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారం నిలబడేది వీటి మీదే, కట్టు వదులైతే ఎంత ఇంజిన్ పెట్టినా అది తోసేది ఒక్క వెనక వరుసనే.

నైలాన్ తీసేసి చేపలు పట్టే అల్లిక దారం వేశా, అది సాగదు. ఈనెపుల్లల బదులు సైకిల్ స్పోకు ముక్కలు. ఇప్పుడు చుక్కాని తిప్పితే మొత్తం ఒకే కర్రలా తిరిగింది. గమనించాల్సిందేమంటే, ముక్కు దాదాపు అక్కడే ఉండి తోక బాగా బయటికి ఊడ్చుకుంటూ పోతుంది. ఎడమకి తిరగాలంటే వెనక కుడి వైపు అంత ఖాళీ ఉండాలి. ఒడ్డు దగ్గర నుంచి తిప్పడం మొదలుపెడితే తోక గట్టుకి తగులుతుంది. నడిపేవాడి కళ్లు ముక్కు మీద, ధ్యాస తోక మీద ఉండాలి, నాకు ఇంకా చేతికి రాలేదు.

ఆపడం ఇంకో కథ. మొత్తం పది కిలోల పైమాట, వేగం చీమ వేగమే, అయినా రెండు ఇంజిన్లూ రివర్స్ ఇచ్చాక తన పొడవంత దూరం జారి గానీ నిలబడలేదు. నిజంలో నిండు బార్జీల కట్ట ఆగడానికి మైలు దాకా పట్టొచ్చంటే ఇప్పుడు నమ్ముతా. రివర్స్‌లో వెనక చుక్కాని అటూ ఇటూ తిప్పా, ఏ కదలికా లేదు. ఎడమ కర్ర పక్కకి నొక్కగానే, ముందు చుక్కానుల మీదుగా నీళ్లు ఒక పక్కకి చిమ్మి, తోక మెల్లగా జరిగింది. మామ కూడా బీడీ పక్కన పెట్టి చూశాడు. "వెనక్కి పోతా గూడా తిరగతాదే" అన్నాడు. ఆయన దగ్గర అదే పెద్ద మెప్పు.

లాకు

లాకు అంటే నీటిమట్టం పెంచీ తగ్గించీ పడవను దాటించే తలుపుల గది. అక్కడి లాకులు 110 అడుగుల వెడల్పు. మూడు బార్జీలు పక్కపక్కన పెడితే 105 అడుగులు. మిగిలేది రెండు పక్కలా కలిపి 5 అడుగులు, నా స్కేలులో సెంటీమీటరున్నర. రెండు పీవీసీ పలకలు 33.5 సెంటీమీటర్ల ఎడంతో నిలబెట్టి, అవతలి కొస మూసి, ఆరు బార్జీలను వరుసకి మూడుగా మళ్లీ కట్టి దూర్చి చూశా. దారి తప్పడం సంగతి అటుంచండి, తిన్నగా దూరినప్పుడు కూడా సగం పోయాక వేగం దానంతటదే చచ్చిపోయింది. లోపలి నీళ్లు బయటికి రావాలి కదా, పక్కన సందు లేదు, అడుగున ఉన్న కొద్ది సందులోంచే రావాలి. ఇంజిన్ పెంచితే లోపల నీటిమట్టం లేచి ముక్కు ముందు గుట్టలా నిలబడింది. తగ్గించి, ఓపిగ్గా, ఊపిరి బిగబట్టి తోస్తే పోయింది. పలకలకి పక్కల అక్కడక్కడా రంగు అంటుకుంది, అది ఎవరి రంగో చెప్పక్కర్లేదు.

ఖాళీ బార్జీలతో మాత్రం ఇంకా నడపలేకపోతున్నా. ఖాళీగా అర సెంటీమీటరే దిగుతాయి, మిగతా గోడంతా గాలికి తెరచాపే. గాలికి నా స్కేలు తెలియదు, మామిడాకు కదిలేంత గాలి వస్తే నా కట్ట మొత్తం గట్టుకి కొట్టుకుపోతుంది. తెల్లవారుజామున, గాలి లేవకముందు చెయ్యాలి.

మన దగ్గర ఇట్లాంటి కట్టలు పూర్తిగా లేవని కాదు. 2022 ఫిబ్రవరిలో ఎంవీ రాంప్రసాద్ బిస్మిల్ అనే సరుకు నౌక రెండు ఇంజిన్ లేని బార్జీలతో కలిసి హల్దియా నుంచి బంగ్లాదేశ్ మీదుగా బ్రహ్మపుత్రలోకి వెళ్లి, మార్చిలో గువాహటి దగ్గర పాండు చేరింది, స్టీలు సరుకుతో. 90 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు, దిగింది 2.1 మీటర్లే. తర్వాత చెయ్యబోయేది అదే కొలతలతో. ఇసుక తిన్నెలుండే మన నదులకి 9 అడుగులు దిగే బార్జీ కంటే వెడల్పుగా, పలచగా ఉండేదే నప్పుతుందని నా అనుమానం, తొట్టిలో రెండూ పక్కపక్కన లాగించి చూస్తే తేలుతుంది.

ప్రస్తుతం మిగిలిన పనులు: పడవ మొహం దగ్గర రెండు చిన్న గేర్ మోటర్లతో చక్రాలు పెట్టి, పడవకీ వెనక వరుసకీ మధ్య తాడు రిమోట్‌తోనే బిగించాలి. నిజం పడవల్లో అక్కడ విన్చులే ఉంటాయి. మోటర్లు ఆర్డరు పెట్టా. బోరు గొట్టం నీళ్లు కుంటలో పడే మూల దగ్గర కొంచెం ప్రవాహం ఉంటుంది, అక్కడ ఇటుకలతో వంపు కట్టి రివర్స్‌లో దాటించాలి. దానికి బోరు మోటరు వేయాలి, మోటరు వేయాలంటే పగటి కరెంటు రావాలి, కరెంటు వచ్చేసరికి మామ చెట్లకి నీళ్లు మళ్లిస్తాడు. కోతలయ్యాక చూద్దాం అన్నాడు. ఈలోగా రవ్వ బార్జీల్లోనే వదిలేసి రావద్దని గట్టిగా చెప్పాడు, కోళ్లు డెక్కు ఎక్కుతున్నాయట.